రెండు కళ్ల పలక

గురువారం మధ్యాహ్నం రెండుంబావుకి, మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సు కోసం కూర్చున్న ఎబినేజర్, నన్నారి సోడా సగం తాగి చచ్చిపోయాడు. పక్కనున్న ముసలావిడ అతను నిద్రపోతున్నాడనుకుని, తన భుజం మీద వాలిన తలని కాసేపు ఓపిగ్గానే మోసింది. గిద్దలూరు బస్సు వచ్చింది, పోయింది. చివరికి కంట్రోలర్ వచ్చి తట్టి లేపబోతే అతని ఒళ్లోంచి ఒక పలక జారి కింద పడింది. అదృష్టం, పగల్లేదు.

పోలీసులు గుండెపోటు అని రాసుకున్నారు. సోడా సీసా అప్పటికే కడిగేసి ఉంది. జేబులో ఉన్న ఐడీ కార్డు ప్రకారం అతను ఎరువుల కంపెనీ ప్రతినిధి. అసలు సంగతి వేరు. అతను విభాగం తొమ్మిది మనిషి. ఆ విభాగానికి బోర్డు ఉండదు, బిల్డింగు మాత్రం ఉంటుంది, హైదరాబాదులో, ఒక కళ్లజోళ్ల షాపు పైన.

షారోన్‌కి ఆ కబురు వచ్చేసరికి ఆ బిల్డింగులోనే పెరుగన్నం తింటోంది. విన్నది. ఫోన్ పెట్టేసింది. మిగతా పెరుగన్నం కూడా తినేసి, గిన్నె కడిగి బోర్లించింది. పదకొండేళ్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పనిచేసిన మనిషి. ఏడుపు వస్తుందేమోనని సింకు దగ్గర పది నిమిషాలు నిలబడింది. రాలేదు. ఆమెకి ఏడుపు రాక అప్పటికి ముప్పై ఏళ్లయింది కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు కూడా.

చీఫ్ బ్రహ్మం సానుభూతి అనే పదార్థాన్ని ఫైలు మొదటి పేజీలోనే ముగించేసే రకం.

"మంచివాడు. కూర్చో," అన్నాడు. "ఎర్రవాగు రిజర్వాయర్. మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్య, నల్లమల అంచున. తొమ్మిది గేట్లు. అన్నిటినీ ఒకే కంప్యూటర్ నడుపుతుంది. ఆర్కిడ్ ముఠా దాని సాఫ్ట్‌వేర్‌లో ఏదో పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి డెమో."

"డెమోనా?"

"కొనేవాళ్లకి చూపించాలిగా. తొమ్మిది గేట్లూ ఒక్కసారి పూర్తిగా లేస్తాయి. చిన్న డ్యామ్ మీద పనిచేస్తే, ఇదే సాఫ్ట్‌వేర్ వాడే పెద్ద డ్యాములకి రేటు పలుకుతుంది. ఎబినేజర్ ఆ బగ్ కనుక్కున్నాడు. మనకి చెప్పేలోపల సోడా తాగాడు."

"కంప్యూటర్ ఆపేస్తే?"

"ఆపితే గేట్లు వాటంతటవే పూర్తిగా లేస్తాయి. వరదలో కంప్యూటర్ చచ్చిపోతే డ్యామ్ తెగకూడదని మంచి మనసుతో చేసిన ఏర్పాటు. కరెంటు తీస్తే బ్యాటరీ అందుకుంటుంది. పరుగెత్తే బండికి పరుగులోనే చక్రం మార్చాలి. అది నీ పని."

షారోన్ పని అదే. కంప్యూటర్ లోపల కెర్నెల్ అని ఒకటి ఉంటుంది, తాసిల్దారు ఆఫీసు లాంటిది. ప్రోగ్రాములు తమంతట తాము గేటు ఎత్తలేవు. కెర్నెల్‌కి అర్జీ పెట్టుకోవాలి. అది పరిశీలించి, సబబే అనిపిస్తే పని చేసిపెడుతుంది. ఒక్కో ప్రోగ్రాంలో మళ్లీ థ్రెడ్లు ఉంటాయి, ఒకే ఇంట్లో ఒకేసారి పని చేసుకునే మనుషుల్లాగా. ఒకరి కాలు ఒకరు తొక్కుకోనంత కాలం ఇబ్బంది లేదు. తొక్కుకున్నారా, ఎవరు ఎవర్ని తొక్కారో తేల్చడానికి షారోన్ లాంటివాళ్లు కావాలి.

బ్రహ్మం బల్ల కింద నుంచి మూడు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్ తీశాడు. "కింది గిన్నెలో ప్రోబ్. కంప్యూటర్‌కి తగిలిస్తే లోపలంతా కనపడుతుంది. పై రెండు గిన్నెల్లో నిజంగానే కూర పెట్టుకో, తనిఖీ చేస్తారు. మూత క్లిప్ నొక్కితే, నువ్వు చివర టైప్ చేసి ఉంచిన కమాండ్ వెళ్లిపోతుంది. కీబోర్డు దగ్గరికి పోలేని పరిస్థితి వస్తే పనికొస్తుంది."

"అక్కడ నాకెవరు?"

"విక్టర్. ఆర్కిడ్‌లో మనవాడు. ఆ డ్యామ్‌కి సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌గా ఉన్నాడు. కోడ్‌వర్డ్ గీత పడని పలక."

"అది మా ఊరి ప్రాంతం సార్."

"తెలుసు. అందుకే వేషం వేసుకెళ్లు."

*

వేషం గొప్పగానే కుదిరింది. బాబ్ చేసిన జుట్టు, కాటన్ చీర, నల్ల కళ్లద్దాలు, చెన్నైకి పలకలు కొనుక్కుపోయే టోకు వ్యాపారి. శుక్రవారం పొద్దున మార్కాపురంలో బస్సు దిగి, టీ కొట్టు దగ్గర నిలబడి, అరవ యాసలో టీ అడిగింది. టీ కొట్టామె గ్లాసు అందిస్తూ, "గని కాడి ఇశ్రాయేలు కూతురివి కదా నువ్వు? జుట్టంతా ఏమైపాయె?" అంది.

అంతర్జాతీయ ముఠాలని ఏమార్చిన వేషం అది. షారోన్ టీ డబ్బులిచ్చి పలకల గోడౌన్ వైపు నడిచింది.

గోడౌన్‌లో రాతి దుమ్ము మోకాలెత్తున తేలుతోంది. చెక్క చట్రాలు బిగించేవాళ్ల మధ్య ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తెల్ల బూట్లు, కూలింగ్ గ్లాసులు, గుమ్మం దాకా వచ్చే సెంటు వాసన. చట్రాలు బిగించే ఆడవాళ్లు పని మీద కంటే అతని మీదే ఎక్కువ దృష్టి పెట్టారు. నిజానికి వాళ్లని తప్పుపట్టడానికి లేదు.

"గీత పడని పలక ఉందా?" అడిగింది షారోన్.

"తుడిచినదైతే ఉంది," అని నవ్వాడు విక్టర్. అందమైన నవ్వు. జేబురుమాలు తీసి బూటు మీద పడిన దుమ్ము దులుపుకున్నాడు. "ఎబినేజర్ సంగతి విని మనసంతా పాడైపోయింది మేడమ్. నేను ఇవాళ పొద్దునే దిగాను. ఈ ట్రిప్‌లో అతన్ని కళ్లతో చూడనైనా లేదు."

షారోన్ సంచిలోంచి పలక తీసింది. పోలీసుల దగ్గర నుంచి బ్రహ్మం తెప్పించాడు. దాని మీద బలపంతో గీసిన బొమ్మ. ఎడమవైపు ఒక కన్ను. కుడివైపు ఒక కన్ను. మధ్యలో ఏదో రాసి, చేత్తో తుడిచేసిన మరక.

విక్టర్ చూసి పెదవి విరిచాడు. "ముఖం బొమ్మ. ముక్కు గీయబోతే చెరిగినట్టుంది. విషం ఎక్కినవాడి చేతిలో ఇంతకంటే ఏముంటుంది, పాపం."

*

తన అసిస్టెంటని చెప్పి విక్టర్ ఆమెని లోపలికి తీసుకెళ్లాడు, శనివారమంతా రిజర్వాయర్ కంట్రోల్ రూమ్‌లో గడిచింది. గేట్లు నడిపే అసలు మిషన్ పక్కనే, అచ్చం అలాంటిదే స్పేర్ మిషన్ ఒకటి ఉంది. గేట్లకి తగిలించలేదు కాబట్టి దాని మీద ఏం చేసినా ఫరవాలేదు. షారోన్ క్యారియర్ కింది గిన్నె దానికి తగిలించింది. విక్టర్ పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"డీబగ్గర్ పెట్టి వెయ్యిసార్లు నడిపాను మేడమ్," అన్నాడు. "ఒక్కసారి కూడా తప్పు జరగలేదు. కావాలంటే మీరే చూడండి."

చూసింది. డీబగ్గర్‌తో ప్రతి అడుగులో థ్రెడ్లని ఆపి, ఎక్కడున్నాయో రాసుకుని, మళ్లీ వదిలింది. ప్రతిసారీ, వారానికోసారి పరీక్షగా ఎత్తే రెండో గేటుకే అర్జీ పోయింది, కెర్నెల్ సరిచూసింది, తెర మీద రెండో గేటు ఒక జానెడు లేచింది. తొమ్మిది గేట్ల ఊసే లేదు. ప్రోగ్రాం ఎంత బుద్ధిగా ఉందంటే, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు ఎలిమెంటరీ స్కూల్లా ఉంది.

ఆ బుద్ధే షారోన్‌కి నచ్చలేదు. థ్రెడ్ల గొడవలన్నీ రెప్పపాటులో వెయ్యోవంతులో జరుగుతాయి. డీబగ్గర్ పెడితే అందరూ నెమ్మదిస్తారు; ఆ సందు దొరకదు. చూస్తున్నంతసేపూ దొంగ దొంగ కాడు. మరి చూడకుండా చూడాలి. అది తెలుసు ఆమెకి. ఎక్కడ చూడాలో తెలియదు. రెండు లక్షల లైన్ల కోడ్. ఎబినేజర్‌కి మూడు వారాలు పట్టింది. ఆమెకి ఒక్క రోజుంది.

సాయంత్రం నాలుగింటికి విక్టర్ ఫోన్ మాట్లాడుకోవడానికి కిందికి వెళ్లాడు. షారోన్ బయటికొచ్చి గట్టు మీద వాచ్‌మన్ గది అరుగు మీద కూర్చుంది. వాన వెలిసి రెండు రోజులైంది. రిజర్వాయర్ అంచుల దాకా నిండి ఉంది. కింద ఎర్రవాగు ఇసుక తడితడిగా మెరుస్తోంది. నీళ్లు చూస్తే మనసుకి హాయి అంటారు. ఆమెకి నీళ్లు నీళ్లలాగే కనిపించాయి.

వాచ్‌మన్ చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, కదలకుండా నిలబడ్డాడు. డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు.

"పాపా. నువ్వు ఇశ్రాయేలు బిడ్డవా?"

ఇక దాచి లాభం లేదు. "అవును."

"నేను చెంచయ్యని. గనిలో బ్లాస్టర్‌గా ఉంటి. మీ నాయన పోయిన దినం తూటా ముట్టిచ్చింది నేనే."

షారోన్ చెంబు కింద పెట్టింది. ముసలాయన అరుగు కింద, నేల మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా నోట్లో నానబెట్టుకున్న మాటల్ని ఒక్కొక్కటే తీశాడు.

"మా పద్ధతి నీకు తెలుసు కదా. గని మూతి కాడ చెక్క, దానికి మేకులు. గుంటలోకి దిగేటోడు తన గుర్తు గీసిన పలకముక్క మేకుకు తగిలిచ్చి దిగాల. ఎక్కినాక తీసుకోవాల. ఆ దినం నేను చెక్క చూసినా. ఒక్క ముక్క లేదు. అందరూ ఎక్కినారనుకున్నా. ఈల ఊదినా. ఆడనుంచి వత్తి కాడికి నలభై అడుగులు. నేను వీపు తిప్పి నడుస్తా ఉండంగా, మీ నాయన సుత్తి మర్చిపోయినానని మళ్లా దిగినాడు. దిగేటప్పుడు పలకముక్క తగిలిచ్చే దిగినాడు, తల్లీ. ఆయన తప్పు లేదు. ఆయన తగిలిచ్చింది నేను చూసినాక."

"మళ్లీ చెక్క చూడలేదా?"

"చూసినా. ముట్టిచ్చినాక చూసినా. అప్పుడు ఉండాది ముక్క. అంతకు ముందు చూసినప్పుడు లేదు. నేను రెండుతూర్లు చూసినా, రెండుతూర్లూ నా కండ్లు నిజమే చెప్పినాయి. మధ్యలో మారింది."

షారోన్ తన లోపలికి చూసుకుంది, కోపం ఏమైనా వస్తుందేమోనని. ఎదురుగా తండ్రిని చంపిన మనిషి కూర్చుని ఉన్నాడు. తొమ్మిదేళ్లప్పుడు దాచుకున్న ఏడుపంతా ఇప్పుడు రావాలి. రాలేదు. దాని బదులు సంచిలో ఉన్న పలక గుర్తొచ్చింది. ఎడమవైపు కన్ను, కుడివైపు కన్ను, మధ్యలో తుడిచిన మరక.

అది ముఖం కాదు. రెండుసార్లు చూడటం.

కెర్నెల్ అర్జీని ఒకసారి చదివి సరిచూస్తోంది. తర్వాత గేటు ఎత్తేముందు అదే అర్జీని, అదే చోటు నుంచి, మళ్లీ చదువుతోంది. ఆ రెండు చూపుల మధ్య ఇంకో థ్రెడ్ వచ్చి అర్జీ తుడిచి వేరేది రాస్తోంది. రెండో గేటు, జానెడు అని చూసి సంతకం పెడుతుంది. తొమ్మిది గేట్లు, పూర్తిగా అని చదివి పని చేస్తుంది. రెండుసార్లూ కెర్నెల్ కళ్లు నిజమే చెబుతాయి.

మనిషి గుండె పగలగొట్టుకుని చెబుతుంటే తనకి బగ్ దొరికినందుకు షారోన్‌కి తన మీద తనకే చిన్న అసహ్యం కలిగింది. అది మాత్రం కలిగింది.

"ఆ తర్వాత పద్ధతి మార్చారా మామా?"

"మార్చినాం. బ్లాస్టర్ ఆ చెక్కే చంకలో పెట్టుకోని పోవాల. చెక్క లేకపోతే తగిలిచ్చేదానికి చోటు లేదు, చోటు లేకపోతే దిగేదానికి లేదు. మీ నాయన పోయినాక ఒక్కరు చావలేదు ఆ గనిలో." చెంచయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచాడు. "మీ తోటాయన గూడా ఇట్లనే ఈ అరుగు మీదే కూర్చోని ఇన్నాడు. పొడుగాటాయన. బేస్తవారం పొద్దున తెల్ల బూట్ల సారు ఆయన్ని జీపులో మార్కాపురం తీసుకపోయినాడు. మళ్లా రాలే."

బేస్తవారం అంటే గురువారం. శుక్రవారం పొద్దున దిగానన్న మనిషి గురువారం జీపు నడిపాడన్నమాట.

షారోన్ గట్టు చివరికి నడిచి, ఎవరికీ వినపడనిచోట నిలబడి బ్రహ్మానికి ఫోన్ చేసింది. "విక్టర్ మనవాడు కాదు సార్. సోడా కొనిచ్చింది వాడే."

"వాడిని ఇప్పుడు పట్టుకోకు. కొనేవాళ్లు రేపు లైన్‌లోకి వస్తారు. వాళ్ల ఆచూకీ కావాలి. గేట్లు నువ్వు చూసుకో."

"అలాగే సార్," అంది, ఇంట్లో పాలు తోడేయమన్నా అదే గొంతుతో అనేది.

*

ఆదివారం పొద్దున విక్టర్ గిద్దలూరులో పనుందని వెళ్లాడు. షారోన్ స్పేర్ మిషన్‌లో డీబగ్గర్ తీసేసింది. థ్రెడ్లని ఆపలేదు, అడగలేదు. ఒక్కొక్కటీ పోతూ పోతూ మెమరీలో ఒక గీత మాత్రం గీసి పోయేలా చేసింది. గీత గీయడానికి పట్టే సమయం ఎంత తక్కువంటే, దొంగకి కూడా తెలియదు. నలభై వేల సార్లు నడిపి, తర్వాత తీరిగ్గా గీతలు చదివింది.

ముప్పై ఒకటో వేలలో దొరికింది. చూపు. తుడుపు. చూపు. స్పేర్ మిషన్ తెర మీద తొమ్మిది గేట్లూ ఒక్కసారి పూర్తిగా లేచాయి. ఇక్కడ నలభై వేలలో ఒక్కసారి. పన్నెండింటికి అసలు మిషన్‌లో ఆ తుడిచే థ్రెడ్ ఆగకుండా తుడుస్తూనే ఉంటుంది. సందు దొరక్క చస్తుందా?

మందు చిన్నదే. అర్జీ రాగానే కెర్నెల్ దాన్ని ఒక్కసారే తన సొంత కాగితం మీద నకలు రాసుకోవాలి. సరిచూసేదీ ఆ నకలే, అమలు చేసేదీ ఆ నకలే. బయట ఎవడు ఎన్నిసార్లు తుడుచుకున్నా దానికి అక్కర్లేదు. చెక్క చంకలో పెట్టుకుని నడవడం, అంతే. కానీ దాన్ని నడుస్తున్న కెర్నెల్‌లోకి, నడక ఆపకుండా ఎక్కించాలి. ఒక్క అక్షరం తప్పయితే కంప్యూటర్ ఆగుతుంది, ఆగితే గేట్లు లేస్తాయి.

పదకొండూ ముప్పై రెండుకి ఫోన్ మోగింది. పెద్దమ్మ రాహేలు.

"ఏంది పాపా, టౌన్‌కి వచ్చి మూడు దినాలాయెనంట, ఇంటికి రావా? టీ కొట్టామె చెప్పింది. సర్లే, ఈడికన్నా రా. ఈ పొద్దు బాప్తిస్మాలు. చర్చిలో తొట్టి పగిలింది, అందుకని ఎర్రవాగు మడుగు కాడికి వచ్చినాం. రెండు వందల మందిమి. ప్రేమవిందు గూడా ఈడనే."

షారోన్ చేయి కీబోర్డు మీద ఆగింది. "ఎక్కడ పెద్దమ్మా?"

"గేట్ల కిందనే, మైలు దూరం. వానకి మడుగు బాగా..."

సిగ్నల్ పోయింది. మళ్లీ చేసింది. కలవలేదు. మళ్లీ చేసింది.

ప్రతి ఆదివారం పన్నెండింటికి సైరన్ మోగించి, తుప్పు పట్టకుండా రెండో గేటు జానెడు ఎత్తి దించుతారు. ఆ నీళ్లు ఇసుకలోనే ఇంకిపోతాయి. ఐదేళ్లుగా వింటున్న సైరన్‌కి కింద ఎవరూ తల కూడా ఎత్తరు. ముఠావాళ్లు ఆ టైమే ఎంచుకున్నది అందుకే.

ఆమె తలుపు దగ్గరికొచ్చి చెంచయ్యని కేక వేసింది. విషయం మూడు ముక్కల్లో చెప్పింది. ముసలాయన ఎందుకు, ఏమిటి అని అడగలేదు. తన టీవీఎస్ బండి మీద గట్టు దిగి, రాళ్లదారి పట్టుకుని పోయాడు.

షారోన్ వెనక్కి వచ్చి కూర్చుంది. చేతులు వణకలేదు. వణికితే బాగుండుననిపించింది. పదకొండూ యాభైకి ఆ మందు, అంటే ప్యాచ్, తయారై, అసలు మిషన్‌కి తగిలించిన ప్రోబ్‌లో కూర్చుంది. చివరి కమాండ్ టైప్ చేసింది. ఎంటర్ నొక్కడమే మిగిలింది.

"చేతులు పైకి, మేడమ్."

గుమ్మంలో విక్టర్. చేతిలో చిన్న పిస్తోలు. తెల్ల బూట్ల మీద ఒక్క మరక లేదు. "అలా గోడ దగ్గరికి రండి. మీరు డీబగ్గర్ తీసేశారని గిద్దలూరు నుంచే నాకు తెలిసింది. ఎబినేజర్ కూడా సరిగ్గా అదే చేశాడు."

షారోన్ లేచి గోడ దగ్గరికి నడిచింది. బల్ల చివర క్యారియర్ ఆమె మోచేతికి అందేంత దూరంలో ఉంది. విక్టర్ ఫోన్‌ని కిటికీకి ఆనించి, కెమెరా గేట్ల వైపు తిప్పాడు. ఫోన్‌లో ఎవరో విదేశీ గొంతుతో గుడ్ మార్నింగ్ చెప్పారు.

"కింద మనుషులున్నారు విక్టర్. రెండు వందల మంది. బాప్తిస్మాలు జరుగుతున్నాయి."

అతని మొహంలో నవ్వు ఒక్క క్షణం జారి, మళ్లీ సర్దుకుంది. "నాకు తెలియదు. తెలిసినా ఇప్పుడు ఆపితే నన్ను బతకనివ్వరు."

"సరే," అంది షారోన్.

పదకొండూ యాభై ఏడు. యాభై ఎనిమిది. ఒక ఈగ వచ్చి క్యారియర్ పై గిన్నె అంచు మీద వాలింది.

"అందులో ఏముంది?" అన్నాడు విక్టర్ అనుమానంగా. పిస్తోలు గొట్టంతో గిన్నె వంచి చూశాడు.

"గోంగూర పప్పు. పొద్దున వండింది. తింటావా?"

"వద్దు."

"అయితే మూత పెడతాను. ఈగలు వాలుతున్నాయి."

పదకొండూ యాభై తొమ్మిది దాటి నలభై సెకన్లు. చావబోతూ కూడా పప్పు గురించి ఆలోచించే ఆడమనిషిని చూసి అతనికి జాలి వేసింది కాబోలు, తల ఊపాడు. షారోన్ మూత పెట్టి, క్లిప్ లాగి, టక్కున నొక్కింది.

సైరన్ మోగింది.

తెర మీద అర్జీ కదిలింది. కెర్నెల్ నకలు రాసుకుంది. బయట తుడిచే థ్రెడ్ తుడిచింది, రాసింది, మళ్లీ తుడిచింది, పిచ్చిపట్టినట్టు తుడుస్తూనే ఉంది. దాన్నెవరూ చూడటం లేదు. రెండో గేటు మూలిగి, ఒక జానెడు లేచి, ఆగింది. మిగతా ఎనిమిదీ కదల్లేదు.

విక్టర్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. తెర దగ్గరికొచ్చాడు. మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఫోన్‌లో విదేశీ గొంతు ఏదో ప్రశ్న అడిగింది. ఇంకోసారి అడిగింది. తర్వాత లైన్ కట్ అయింది. అతను సెంటు వాసనతో సహా మెల్లగా కుర్చీలో కూలబడ్డాడు. పిస్తోలు బల్ల మీద పెట్టి, ఆమె వైపు నెట్టాడు.

"నన్ను అరెస్ట్ చేయండి మేడమ్. త్వరగా. వాళ్ల మనుషులు గిద్దలూరులోనే ఉన్నారు."

"సోడా తాగించేటప్పుడు ఎబినేజర్ ఏమైనా అన్నాడా?"

విక్టర్ తల దించుకున్నాడు. "థాంక్స్ అన్నాడు."

షారోన్ అతని చేతులకి బేడీలు వేసి, కిటికీ ఊచకి తగిలించింది. బ్రహ్మానికి వైర్‌లెస్‌లో మూడు మాటలు చెప్పింది. కొనేవాళ్ల ఆచూకీ దొరికిందన్నాడాయన. సంతోషం అన్నది ఆమె, సంతోషం లేకుండానే. పోలీసు జీపు వచ్చి అతన్ని ఎక్కించుకున్నాక, కిందికి నడిచింది.

*

మడుగు దగ్గర జనమంతా ఒడ్డు మీద గుంపుగా నిలబడి ఉన్నారు. తెల్లబట్టల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు, తీసుకోవాల్సినవాళ్లు, తప్పెట, తాళాలు, పక్కన బోర్లాపడిన ప్రేమవిందు గిన్నెలు. మడుగు మధ్యలో నడుం లోతు నీళ్లలో చెంచయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు.

అక్కడివాళ్లు చెబితే తెలిసింది. ముసలాయన వచ్చి, నీళ్లొస్తాయి ఎక్కండి అని అరిచాడు. ఎవరూ వినలేదు, సైరన్ ప్రతి వారమూ మోగేదే కదా అన్నారు. పాస్టరు ఐదు నిమిషాలాగమన్నాడు. అప్పుడు చెంచయ్య మడుగులోకి దిగి, నట్టనడుమ నిలబడి, మీరంతా ఎక్కినాకే నేనెక్కేదని భీష్మించాడు. ఈయన కూడా బాప్తిస్మానికే వచ్చాడనుకుని పాస్టరు సంతోషంగా చేయి చాపాడు. ముసలాయన ఆ చేయి పట్టుకుని పాస్టరునే ఒడ్డెక్కించాడు. పాస్టరు ఎక్కితే అందరూ ఎక్కారు. జానెడు గేటు నీళ్లు ఈసారి తడి ఇసుకలో ఇంకక, మడుగు దాకా వచ్చి, అతని మోకాళ్ల నుంచి నడుం దాకా లేచి ఆగాయి.

ఎవరెంత పిలిచినా ఎక్కకుండా, అతను ఇంకా ఒడ్డు వైపు తలలు లెక్కపెడుతూనే ఉన్నాడు. షారోన్‌ని చూసి అడిగాడు.

"పాపా, అందరూ ఎక్కినారా? నువ్వు చూసినావా?"

షారోన్ చెప్పులు విడిచి నీళ్లలో దిగింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఎముక దాకా తగిలేంత చల్లగా ఉన్నాయని ఆమెకి తెలిసింది, మూడు రోజులుగా ఏదీ తెలియని మనిషికి. మూడు వేళ్ల చేయి అందుకుంది.

"చూశాను మామా. అందరూ ఎక్కారు. ఇక రెండోసారి చూడక్కర్లేదు. నువ్వు రా."

తండ్రి చేయి ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోతే, ఎబినేజర్ థాంక్స్ అనే తీరు గుర్తొచ్చింది, ముక్కు కారడం మొదలైంది. ముక్కు చీదుకుంటే పెద్దమ్మ జలుబు చేసిందంటుందని, మడుగు నీళ్లతోనే ముఖం కడుక్కుంది. ఎవరికీ తేడా తెలియలేదు.

ఒడ్డు మీద రాహేలు కొత్త చీర కుచ్చిళ్లు పిండుకుంటూ మండిపడుతోంది. "చూసినావా పాపా, సాంబారు గిన్నెలోకంతా బురద నీళ్లొచ్చె. సరిగ్గా అన్నం పెట్టే టైముకి వదలాలా నీళ్లు? ఈ గేట్లు తిప్పేటోళ్లకి ఏ పని ఎప్పుడు చేయాల్నో తెలవదే!"

"నిజమే పెద్దమ్మా," అంది షారోన్, బోర్లాపడిన గిన్నె నిలబెడుతూ. "నా దగ్గర గోంగూర పప్పుంది. దాంట్లో మాత్రం ఈగ వాలలేదు."